స్కైరిమ్‌లో లూట్ అమ్మడం ఎలా: బరువు మోసి మోసి చివరికి చిల్లరకి ఇచ్చేయకుండా

స్కైరిమ్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కళ్ళూ ఇవే అడుగుతున్నారు. ఇన్ని కత్తులు కవచాలు మోసుకొచ్చా, షాపువాడి దగ్గర డబ్బులే లేవు ఏం చెయ్యాలి? 800 విలువ ఉన్న వజ్రానికి 250 ఇస్తున్నాడేంటి? ఈ ఉంగరం అసలు కొననే అంటున్నాడు ఎందుకు? ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట వరసగా రాసేస్తే మేలనిపించింది. ఇది 2011లో వచ్చిన ఒరిజినల్‌కీ పనికొస్తుంది, 2016 స్పెషల్ ఎడిషన్‌కీ పనికొస్తుంది. మోడ్‌లు (ఆటని మార్చే చేర్పులు) వేసుకుంటే మాత్రం అంకెలు మారిపోవచ్చు, కాబట్టి ఇక్కడ రాసేవన్నీ మోడ్ లేని ఆటకి.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకోండి, మిగతాదంతా తేలికవుతుంది. ఈ ఆటలో మీకు లూట్ (ఏరుకొచ్చే సామాను) కొరత ఎప్పుడూ ఉండదు. కొరతగా ఉండేవి రెండే, మీరు మోయగలిగే బరువు, షాపువాడి గల్లాలో ఉన్న గోల్డ్. ధర గురించి అందరూ గింజుకుంటారు గానీ ధర మూడో సంగతి.

కావలసినవి

- మొయ్యడానికి కాస్త చోటు. మొదట్లో క్యారీ వెయిట్ 300 ఉంటుంది, లెవెల్ పెరిగినప్పుడు స్టామినా తీసుకుంటే ప్రతిసారీ 5 కలుస్తుంది.
- వెంట ఒక ఫాలోవర్, అంటే మీతో తిరిగే సహచరుడు. వైట్‌రన్ ఊళ్ళో థేన్ (గౌరవ బిరుదు) అయ్యాక వచ్చే లిడియా చాలు.
- సామాను దాచుకోడానికి సొంత ఇల్లు. వైట్‌రన్‌లో బ్రీజ్‌హోమ్ 5000 గోల్డ్, అందరికన్నా ముందు కొనగలిగేది ఇదే. అప్పటిదాకా ఏ గుహలోనో పీపాలో పెడదాం అనుకోవద్దు, కింద చెప్తా ఎందుకో.
- దొరికితే అమ్యులెట్ ఆఫ్ జెనిథార్. మెడలో వేసుకుంటే ధరలు 10 శాతం మెరుగు. లేకపోయినా పని ఆగదు.
- దొంగసొత్తు కూడా ఉంటే రిఫ్టెన్‌లో ఉన్న థీవ్స్ గిల్డ్‌తో పరిచయం.

స్టెప్ 1: ఏరేటప్పుడే లెక్క వేయండి

అసలు అమ్మకం షాపులో కాదు, శవం జేబులు వెతికేటప్పుడే మొదలవుతుంది. వస్తువు మీద కర్సర్ పెడితే బరువు, విలువ రెండూ కనిపిస్తాయి కదా, విలువని బరువుతో భాగించండి. 10 కన్నా తక్కువ వస్తే వదిలెయ్యండి, మొదటి అయిదారు లెవెల్స్‌లో చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు 5 దాకా దిగొచ్చు.

ఐరన్ బ్యాటిల్‌యాక్స్ చూడండి, బరువు 20, విలువ 55. భాగిస్తే 3 కూడా రాదు. ప్రతి బందిపోటు దగ్గరా ఇది ఉంటుంది, కొత్తవాళ్ళందరూ దీన్నే మోసుకొస్తారు. ఐరన్ ఆర్మర్ బరువు 30, విలువ 125, అదీ దండగే. అదే హైడ్ ఆర్మర్ బరువు 5 విలువ 50, చూడ్డానికి తోలుముక్కే గానీ ఐరన్ కవచం కన్నా లాభం. స్టీల్ ప్లేట్ ఆర్మర్ బరువు 38 అయినా విలువ 625 కాబట్టి చోటుంటే తీసుకోవచ్చు. ఎబోనీ కత్తి బరువు 15 విలువ 720, దీన్ని వదిలే ప్రసక్తే లేదు. డ్రాగన్‌ని చంపితే ఎముక ఒక్కోటి బరువు 15 విలువ 500, పొలుసు బరువు 10 విలువ 250, భాగిస్తే బాగానే వస్తుంది కానీ మూడు డ్రాగన్లు పడేసరికి మీరు కదల్లేరు, అందుకే ఇవి ఇంటికి చేర్చి కొంచెం కొంచెంగా అమ్ముకోవాలి.

రత్నాలు, నగలు, పోషన్లు, స్క్రోల్స్, మంత్రం ఎక్కించిన ఉంగరాలు కంఠహారాలు ఆలోచించకుండా తీసేసుకోండి. రత్నం ఏదైనా బరువు 0.1 మాత్రమే, మామూలు డైమండ్ 800, ఫ్లాలెస్ డైమండ్ 1000. గోల్డ్ ఇంగాట్ బరువు 1 విలువ 100. గిన్నెలు, చీపుర్లు, బకెట్లు ఇవన్నీ తీసుకోగలం కదా అని తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి మానెయ్యండి.

స్టెప్ 2: అమ్మకూడనివి పక్కన పెట్టండి

ఇంటికి రాగానే, లేదా ఊళ్ళో అడుగుపెట్టే ముందు, ఇన్వెంటరీ ఒకసారి తిరగెయ్యండి. వీటిని మాత్రం అమ్మొద్దు:

డ్రాగన్ క్లా అనే గోళ్ళు. ఆ గోరు ఏ గుహదో ఆ తలుపు తీయడానికి అదే తాళం. తలుపు తీశాక కావాలంటే అమ్ముకోండి. రివర్‌వుడ్ లూకన్ వలేరియస్ గోల్డెన్ క్లా సంగతైతే అతనికే తిరిగిస్తే క్వెస్ట్ పూర్తవుతుంది, గోల్డ్ కూడా ఇస్తాడు.

మీరింకా నేర్చుకోని ఎన్‌చాంట్‌మెంట్ (వస్తువు మీద ఎక్కించిన మంత్రం) ఉన్న వస్తువులు. ముందు ఆర్కేన్ ఎన్‌చాంటర్ అనే బల్ల దగ్గర డిస్ఎన్‌చాంట్ చేసి, అంటే మంత్రాన్ని విడదీసి, నేర్చుకోండి. వస్తువు పోతుంది, నిజమే, కానీ తర్వాత ఆ మంత్రాన్ని మామూలు ఐరన్ డాగర్ మీద ఎక్కించి అమ్మితే పోయిందానికి చాలా రెట్లు తిరిగొస్తుంది. బానిష్ ఎన్‌చాంట్‌మెంట్ దొరికిందంటే మాత్రం అస్సలు వదలొద్దు, 10 విలువ చేసే డాగర్ ఖరీదు ఎక్కడికో వెళ్ళిపోతుంది.

డేడ్రా హార్ట్, నింపిన గ్రాండ్ సోల్ జెమ్స్, ఫైర్ సాల్ట్స్ కూడా ఉంచుకోండి. రిఫ్టెన్ కమ్మరి బాలిమండ్ 10 ఫైర్ సాల్ట్స్ అడుగుతాడు, అప్పుడు వెతుక్కోవాలంటే చిరాకు.

హెచ్చరిక: ఫేవరెట్స్‌లో పెట్టుకున్నంత మాత్రాన ఆ వస్తువు భద్రం కాదు. బార్టర్ మెనూలో (వ్యాపారితో కొనే అమ్మే తెరలో) చకచకా నొక్కుకుంటూ పోతే మీరు రోజూ వాడే విల్లు కూడా వాడి గల్లాలోకి పోతుంది. వెంటనే గుర్తిస్తే తిరిగి కొనుక్కోవచ్చు గానీ కొనే ధర అమ్మిన ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే అమ్మడం మొదలుపెట్టే ముందు ఒక సేవ్ పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

స్టెప్ 3: ఊరిదాకా మోసుకురావడం

బరువు దాటిపోతే పరిగెత్తలేరు, ఫాస్ట్ ట్రావెల్ కూడా పనిచెయ్యదు. ఇక్కడ మూడు దార్లున్నాయి.

మొదటిది ఫాలోవర్‌కి ఇవ్వడం. ఫాలోవర్‌కీ ఒక హద్దు ఉంది, నిండిపోతే ఇక తీసుకోరు. అప్పుడు సామాను నేల మీద పడేసి, ఫాలోవర్‌ని ఆజ్ఞ ఇచ్చే మోడ్‌లోకి తెచ్చి ఆ వస్తువు చూపించి తీసుకోమంటే హద్దు పట్టించుకోకుండా తీసేసుకుంటారు. ఒక్కోటే చూపించాలి కాబట్టి ఖరీదైనవాటికే ఈ తంటా పడండి.

రెండోది గుర్రం. చాలామందికి తెలియనిది ఇదే. బరువు ఎంత దాటినా సరే, గుర్రం ఎక్కి కూర్చుంటే ఫాస్ట్ ట్రావెల్ పనిచేస్తుంది. గుహ బయట గుర్రం కట్టేసి ఉంటే నత్తనడకన బయటిదాకా వచ్చి ఎక్కేయండి, అంతే.

మూడోది శాశ్వతంగా చోటు పెంచుకోవడం. స్టీడ్ స్టోన్ దగ్గరికెళ్ళి తాకితే 100 కలుస్తుంది, ఒంటి మీద వేసుకున్న కవచం బరువు కూడా లెక్కలోకి రాదు. పిక్‌పాకెట్ స్కిల్ 50కి చేరాక తీసుకోగలిగే ఎక్స్‌ట్రా పాకెట్స్ పెర్క్ (లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్‌తో తీసుకునే అదనపు శక్తి) ఇంకో 100 ఇస్తుంది.

గుహలో ఉన్న పెట్టెలో దాచి తర్వాత వద్దాం అనుకునేవాళ్ళకి: ఆటలో 10 రోజులు మీరటు వెళ్ళకపోతే ఆ చోటు రీసెట్ అవుతుంది, క్లియర్ చేసిన గుహైతే 30 రోజులకి. రీసెట్ అయితే పెట్టెలో మీరు పెట్టినవన్నీ పోతాయి. సొంతింటి పెట్టెలే నమ్మదగ్గవి.

స్టెప్ 4: ఎవరికి ఏం అమ్మాలో ముందే విడగొట్టుకోండి

పని అంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా. ప్రతి వ్యాపారీ అన్నీ కొనడు. కమ్మరి ఆయుధాలు, కవచాలు, ఖనిజం, ఇంగాట్లు, తోళ్ళు కొంటాడు. మందుల షాపులో పోషన్లు, విషాలు, మూలికలు. మంత్రాలు అమ్మేవాళ్ళు స్పెల్ టోమ్స్, స్క్రోల్స్, సోల్ జెమ్స్ లాంటివి. జనరల్ స్టోర్ వాడు దాదాపు అన్నీ కొంటాడు.

గల్లా విషయానికొస్తే సుమారుగా ఇలా ఉంటుంది: పెద్ద ఊళ్ళలో కమ్మరి దగ్గర 1000, జనరల్ స్టోర్‌లో 750, మందుల షాపు 500, ఆస్థాన మాంత్రికుడి దగ్గర 500, పూటకూళ్ళ ఇళ్ళలో 100. అంతే. మీ మూటలో 10,000 సరుకు ఉన్నా వాడి దగ్గర ఉన్నదే వాడిస్తాడు.

అందరూ చేసే తప్పేంటంటే ముందు జనరల్ స్టోర్‌కి వెళ్ళి కత్తులన్నీ అక్కడ దించేసి 750 ఊడ్చేస్తారు, తర్వాత చేతిలో రత్నాలు మిగిలిపోతాయి, వాటిని కమ్మరి కొనడు. కాబట్టి ఎప్పుడూ ఒకే రకం కొనేవాళ్ళ దగ్గరికి ముందెళ్ళండి, అన్నీ కొనేవాణ్ణి చివరికి ఉంచుకోండి. వైట్‌రన్‌లో నా దారి ఇది: గేటు దాటగానే వార్‌మెయిడెన్స్ దగ్గర ఏడ్రియెన్‌కి కవచాలు ఆయుధాలు 1000 అయ్యేదాకా. ఇంకా ఆయుధాలు మిగిలితే పైన స్కైఫోర్జ్ దగ్గర ఇయోర్లండ్ గ్రేమేన్‌కి ఇంకో 1000. ఆర్కేడియా షాపులో పోషన్లు. డ్రాగన్స్‌రీచ్ లోపల ఫారెన్‌గార్‌కి స్క్రోల్స్, స్పెల్ పుస్తకాలు, సోల్ జెమ్స్. తిరిగొచ్చేటప్పుడు బెలెథార్‌కి నగలు, రత్నాలు, ఎక్కడా పోనివి. ఒక్క ఊళ్ళో ఒక్క చుట్టుకి 3750 దాకా వస్తుంది, పరిగెత్తితే ఆటలో ఒక్క మధ్యాహ్నం పని.

షాపులు పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకానే. ఆ తర్వాత తలుపు తాళం పడుతుంది, తాళం తీసి లోపలికెళితే నేరం. లోపలే ఉండి వెయిట్ చేసేవాళ్ళు కూడా 8 దాటకుండా చూసుకోండి, వెళ్ళిపొమ్మని అరుస్తారు, వినకపోతే గార్డులు వస్తారు.

స్టెప్ 5: బేరానికి ముందు ఒంటి మీద మార్పులు

అమ్యులెట్ ఆఫ్ జెనిథార్ గానీ ఫోర్టిఫై బార్టర్ ఎన్‌చాంట్‌మెంట్ ఉన్న హారం గానీ ఉంటే మాట్లాడ్డానికి ముందే వేసుకోండి. జెనిథార్ గుడి రాయి తాకితే ఇంకో 10 శాతం. మాస్క్ ఆఫ్ క్లావికస్ వైల్ ఉన్నవాళ్ళకి అది తలకి తగిలిస్తే 20 శాతం.

ఫోర్టిఫై బార్టర్ పోషన్ మీరే కలుపుకోవచ్చు: బటర్‌ఫ్లై వింగ్, డ్రాగన్స్ టంగ్, టండ్రా కాటన్, హాగ్‌రేవెన్ క్లా, ఈ నాలుగింట్లో ఏ రెండైనా సరే. వైట్‌రన్ చుట్టుపక్కల మైదానమంతా టండ్రా కాటనే, కనపడ్డ సీతాకోకచిలుకనల్లా పట్టుకుంటే రెండోది దొరికేసినట్టే. దీని ప్రభావం కొద్ది సెకన్లే, కానీ బార్టర్ మెనూ తెరిచి ఉన్నంతసేపూ ఆటలో టైమ్ కదలదు. కాబట్టి వ్యాపారి ఎదురుగా నిలబడి తాగి, వెంటనే మాట కలిపి మెనూలోకి వెళ్ళిపోండి, లోపల ఎంతసేపైనా తీరిగ్గా అమ్ముకోవచ్చు. తాగి షాపులోకి నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళకి సగం దారిలోనే అయిపోతుంది.

స్టెప్ 6: గల్లా ఖాళీ అయితే

వస్తువు ధర కంటే వాడి దగ్గర తక్కువ ఉంటే, ఉన్నంతే ఇవ్వగలడు అమ్ముతారా అన్నట్టు ఒక మెసేజ్ వస్తుంది. చదవకుండా యెస్ నొక్కేస్తే 500 వస్తువు 12 గోల్డ్‌కి పోతుంది. అక్కడ ఆగండి. ఆగి వీటిలో ఏదో ఒకటి చెయ్యండి.

వాడి దగ్గర మీకు కావల్సినవి కొనండి. కమ్మరి దగ్గర ఇంగాట్లు, తోలు, బాణాలు, మాంత్రికుడి దగ్గర నింపిన సోల్ జెమ్స్, మందుల షాపులో మూలికలు. మీరిచ్చిన గోల్డ్ వాడి గల్లాలో పడుతుంది, మళ్ళీ మీ సరుకు అమ్మి అదే గోల్డ్ వెనక్కి తీసుకుంటారు. 1000 దాటిన ఖరీదైన వస్తువు అమ్మాలంటే మొదట్లో ఇదొక్కటే సరైన దారి, నిజానికి ఇది వస్తుమార్పిడి.

ఇంతకన్నా మంచిది ట్రైనింగ్. వ్యాపారే ట్రైనర్ కూడా అయితే నేర్చుకున్నందుకు మీరు కట్టిన ఫీజు వాడి గల్లాలోకి వెళ్తుంది. ఇయోర్లండ్ స్మితింగ్ నేర్పుతాడు, ఆర్కేడియా ఆల్కెమీ నేర్పుతుంది, వింటర్‌హోల్డ్ కాలేజీలో ఫరాల్డా డిస్ట్రక్షన్, కొలెట్ మారెన్స్ రెస్టొరేషన్. ఫీజు కట్టండి, వెంటనే లూట్ అమ్మి ఆ ఫీజు వెనక్కి లాక్కోండి. నైపుణ్యం దాదాపు ఊరికే వచ్చినట్టు. లెవెల్‌కి 5 సార్లే నేర్పుతారు కాబట్టి ప్రతి లెవెల్‌కీ ఆ 5 వాడేసుకోండి. నన్నడిగితే డబ్బులు కూడబెట్టుకోవడం కన్నా లూట్‌ని ఇలా స్కిల్‌గా మార్చుకోవడమే దాని అసలు ఉపయోగం.

లేదా ఆగండి. వ్యాపారుల గోల్డూ సరుకూ ఆటలో 48 గంటలకి మళ్ళీ నిండుతాయి. వెయిట్ 24 గంటలు రెండుసార్లు కొడితే అయిపోతుంది. ఆ రెండోసారి పగటిపూట తెరుచుకునేలా చూసుకోండి.

సేవ్ చేసి, వ్యాపారిని ఒక దెబ్బ కొట్టి, ఆ సేవ్‌నే మళ్ళీ లోడ్ చేస్తే గల్లా నిండుతుంది అనే చిట్కా కూడా తిరుగుతోంది. పనిచేస్తుంది. నేను మాత్రం చెయ్యమని చెప్పను, ఒకసారి అలవాటైతే ఊళ్ళు తిరగడం, కొత్త షాపులు చూడ్డం ఇవేవీ అక్కర్లేకుండా పోతాయి, ఆటలో సగం అందం అక్కడే ఉంది.

స్టెప్ 7: ధర పెంచుకోవడం

ఇప్పుడు ధర సంగతి. స్పీచ్ అనే మాటకారితనం స్కిల్ 15తో పెర్క్ లేకుండా అమ్మితే అసలు విలువలో సుమారు 32 శాతం వస్తుంది. 50కి 38 శాతం దగ్గర, 100కి సగం. అంటే స్కిల్ ఒక్కటే పెరిగితే పెద్ద తేడా ఉండదు, పెర్క్‌లు కావాలి. హ్యాగ్లింగ్ మొదటి మెట్టు 10 శాతం, అయిదు మెట్లూ తీసుకుంటే 30 శాతం. 30 దగ్గర అల్యూర్ తీసుకుంటే ఎదుటి లింగం వాళ్ళ దగ్గర ఇంకో 10.

కానీ పెర్క్ పాయింట్లు తక్కువ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది హ్యాగ్లింగ్ ఒకటి రెండు మెట్లు చాలు, అక్కణ్ణించి నేరుగా 50 దగ్గరున్న మర్చంట్ పెర్క్‌కి వెళ్ళండి. అది వచ్చాక ఏ వ్యాపారికైనా ఏదైనా అమ్మొచ్చు, కమ్మరికి వజ్రాలు, మాంత్రికుడికి గొడ్డళ్ళు. స్టెప్ 4లో చెప్పిన విడగొట్టుకునే పనంతా దాంతో పోతుంది. 70కి ఇన్వెస్టర్ తీసుకుని ఏ షాపులో 500 పెట్టుబడి పెట్టినా ఆ గల్లా శాశ్వతంగా పెరుగుతుంది. 100కి మాస్టర్ ట్రేడర్, ప్రతి వ్యాపారికీ 1000 అదనం.

స్పీచ్ పెంచడానికి వేరే సాధన అక్కర్లేదు, అమ్ముతూ ఉంటే అదే పెరుగుతుంది, ఖరీదైనవి అమ్మితే తొందరగా. రివర్‌వుడ్ దారిలో ఉన్న గార్డియన్ స్టోన్స్‌లో థీఫ్ స్టోన్ తాకితే 20 శాతం వేగం, ఎందుకంటే స్పీచ్ కూడా దొంగ విద్యల కిందే ఉంది.

స్టెప్ 8: దొంగసొత్తు

ఒకరి ఇంట్లోదో షాపులోదో తీసినా, జేబు కొట్టినా అది దొంగసొత్తే. తీసే ముందు ఎర్రక్షరాల్లో Steal (దొంగిలించు) అని కనిపిస్తుంది. మామూలు వ్యాపారి దాన్ని కొనడు, ఎంత వెయిట్ చేసినా కొనడు. గుహల్లో బందిపోట్ల దగ్గర దొరికేవాటికి మామూలుగా ఈ బాధ లేదు.

దీనికి రిఫ్టెన్ వెళ్ళండి. బజార్లో బ్రిన్యోల్ఫ్ పలకరిస్తాడు, మదేసి ఉంగరం కొట్టేసి బ్రాండ్-షెయి జేబులో వెయ్యమంటాడు. చేతకాక దొరికిపోయినా పర్లేదు, గిల్డ్ దారి మూసుకుపోదు. ఊరి కింద రాట్‌వేలోంచి రాగ్డ్ ఫ్లాగన్ చేరి, బాకీలు వసూలు చేసే పని పూర్తి చేస్తే గిల్డ్‌లో చేరినట్టు, అక్కడ టొనిలియా మీ దొంగసొత్తు కొంటుంది. గల్లా 1000 నుంచి మొదలు, ఊళ్ళలో గిల్డ్ పనులు చేస్తూ పోతే 4000 దాకా పెరుగుతుంది. తర్వాత తర్వాత మార్కార్త్‌లో ఎండన్, విండ్‌హెల్మ్‌లో నిరాన్యె, వైట్‌రన్ పక్కన మాలస్ మాక్సియస్ కూడా కొంటారు.

గిల్డ్ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. దొంగిలించిన మూలికలతో పోషన్ చేస్తే ఆ పోషన్ దొంగసొత్తు కాదు, దొంగిలించిన ఇంగాట్‌తో కత్తి చేస్తే అదీ కాదు. ఇంకా పైకి వెళ్తే స్పీచ్ 90 దగ్గర ఫెన్స్ పెర్క్, పెట్టుబడి పెట్టిన షాపుల్లో దొంగసొత్తు చెల్లుతుంది.

హెచ్చరిక: మీ తల మీద బౌంటీ (చేసిన నేరాలకి పడ్డ జరిమానా) ఉండి గార్డు పట్టుకుంటే, ఫైన్ కట్టినా సరే దొంగసొత్తు మొత్తం లాగేసుకుంటారు. మూటతో ఊళ్ళోకి దిగేముందు ఆ ప్రాంతంలో బౌంటీ ఉందేమో చూసుకోండి.

సరిగ్గా అమ్మారో లేదో చూసుకోవడం

మామూలు ఇన్వెంటరీలో కనిపించేది అసలు విలువ, బార్టర్ మెనూలో కనిపించేది వాడిచ్చే ధర. ఈ రెంటినీ పోల్చండి. ఒక డైమండ్ దగ్గర ఉంచుకుంటే కొలవడానికి బాగుంటుంది: అసలు విలువ 800, స్పీచ్ 15తో ఏ పెర్కూ లేకుండా 257 దగ్గర చూపించాలి. హ్యాగ్లింగ్ ఒక మెట్టు ఉంటే 283 దగ్గర. స్పీచ్ 100, హ్యాగ్లింగ్ అయిదు మెట్లూ ఉంటే 520. దీనికన్నా బాగా తక్కువ చూపిస్తే హారం మార్చుకోవడం మర్చిపోయారు, లేదా పోషన్ అయిపోయింది, మెనూలోంచి బయటికొచ్చి సరిచేసుకుని మళ్ళీ వెళ్ళండి. అమ్యులెట్‌తో పెరిగిందో లేదో తెలియాలంటే ఒకసారి వేసుకుని, ఒకసారి తీసేసి అదే డైమండ్ ధర చూడండి.

గుహ మొత్తం ఊడ్చి వచ్చాక ఇంకో లెక్క కూడా చూసుకోండి. అన్నీ అమ్మేశాక వచ్చిన గోల్డ్‌ని మోసుకొచ్చిన బరువుతో భాగించండి. 300 బరువు మోసి 900 వచ్చిందంటే 3 పడింది, అంటే ధర బాగోలేదని కాదు, ఏరడం బాగోలేదని. స్టెప్ 1కి వెళ్ళి ఆ 10 లెక్కని గట్టిగా పట్టుకోండి, తర్వాతి గుహకే తేడా తెలుస్తుంది.

ఒక షాపువాడు ఎప్పటికీ కనబడకపోతే డ్రాగనో వాంపైరో ఊరి మీద పడ్డప్పుడు చచ్చిపోయి ఉండొచ్చు. కొన్ని షాపుల్లో ఇంట్లోవాళ్ళో సహాయకులో కూర్చుంటారు, కొన్ని మూతపడిపోతాయి. అందుకే ఊళ్ళో దాడి మొదలైతే మూట సంగతి తర్వాత, ముందు వ్యాపారుల వైపు పరిగెత్తండి.